ఎవరి తాలూకండీ?

ఆ రోజుల్లో నాకు ‘కష్టం’ అనే మాట మీద మహా మోజుగా ఉండేది. కష్టపడటం మీద కాదు లెండి, ఆ మాట మీదే. ఎవరు ఎవర్ని ‘కష్టపడి పైకొచ్చారు’ అన్నా, నన్నే అన్నట్టు నా ఛాతీ పొంగేది. అప్పటికి నేను పడ్డ కష్టమల్లా బీకాం గట్టెక్కడం ఒక్కటే, అదీ మా అమ్మ పొద్దున్నే లేపి, కాఫీ ఇచ్చి, పుస్తకం చేతిలో పెడితే. మాది తాడేపల్లిగూడెం. (మేం గూడెం అనే అంటాం, పూర్తిపేరు బస్సు బోర్డుల కోసం.) అక్కడ మా నాన్నగారిది ఉల్లిపాయల హోల్‌సేల్ వ్యాపారం. ఆయన తెల్లవారకుండానే లేచి, మెడకి మఫ్లర్ చుట్టుకుని, లోడు దిగే చోటికి వెళ్లి నిలబడేవారు. బస్తాలు దింపే హమాలీలు ఆయనకంటే ముందే వచ్చి ఉండేవారు కాని, మరి వాళ్ళెందుకు పైకి రాలేదన్న అనుమానం నాకు ఎన్నడూ రాలేదు. రోజంతా లారీ పైకెక్కి దిగుతూనే ఉండేవారు కదా, అదే పైకి రావడం అనుకున్నానో ఏమో.

డిగ్రీ చివరి ఏడాది మా కాలేజీలో వక్తృత్వ పోటీ పెట్టారు. ‘ధనవంతుల సంపద వారి కష్టఫలమేనా?’ అన్నది అంశం. ఇంకెవరూ పేరివ్వక ముందే నేను ఇచ్చేశాను. ఆ రోజు ఇస్త్రీ చొక్కా వేసుకుని వేదిక ఎక్కి, “మా నాన్నగారు ఒట్టి చేతులతో మొదలుపెట్టారు. ఈ రోజు మేం తింటున్న ప్రతి ముద్దా ఆయన చెమట!” అని బల్ల గుద్దాను. (ఆ వాక్యం ఇప్పుడు రాస్తుంటే నాకే అన్నం సహించడం లేదు.) చప్పట్ల కోసం ఆగాను. ఆ ఆగిన సందులో మా ఎకనామిక్స్ మాస్టారు చాలా మర్యాదగా అడిగారు.

“గోడౌను ఎవరిది బాబూ?”

“మా తాతగారిదండి.”

“మరి లారీలు?”

“అవీ తాతగారు కొన్నవేనండి.”

“అయితే ఆ ఒట్టి చేతుల్లో ఉన్నవి గోడౌనూ, లారీలూ అన్నమాట.”

హాలంతా గొల్లుమంది. రెండో వరసలో కూర్చున్న ఒకమ్మాయి, ఎవరి మీదైతే నాకు కొన్ని ఆశలుండేవో ఆ అమ్మాయి, కళ్ళనీళ్ళు తుడుచుకుంటూ మరీ నవ్వింది. నేను దిగి తిన్నగా ఇంటికొచ్చి, అన్నం ముందు కూర్చుని ప్రతిజ్ఞ చేశాను. ఏలూరు వెళ్తాను, ఎవరికీ నాన్నగారి పేరు చెప్పను, నా కష్టం మీద నేను పైకొచ్చి చూపిస్తాను అని.

నాన్నగారు మజ్జిగ కలుపుకుంటూ నవ్వారు. “ఎవరి తాలూకో చెప్పకుండా ఏలూర్లో ఓ కాఫీ తాగి రారా ముందు, చూద్దాం.”

ఆయన అన్నదాంట్లో సంగతి ఉంది. మా వైపు కొత్తమనిషి కనిపిస్తే పేరు తర్వాత అడుగుతారు. ముందు, “మీరెవరి తాలూకండీ?” అంటారు. ఫలానా వారి మేనల్లుడినండి అనో, ఫలానా మిల్లు వారి అల్లుడినండి అనో చెబితే, “అలాగాండీ, కూర్చోండి, కూర్చోండి” అని కుర్చీ వస్తుంది. ఎవరి తాలూకూ కాని మనిషికి కుర్చీ రాదు. కనక నేను ఆ ప్రశ్నకి జవాబే చెప్పకూడదని ఒట్టు పెట్టుకున్నాను. నాన్నగారు కూడా ఎవరికీ ఫోన్ చెయ్యనని మాటిచ్చారు. ఆ మాట ఆయన నిలబెట్టుకున్నారని ఇక్కడే చెప్పాలి.

ఒట్టి చేతులతో బయల్దేరిన నాతోపాటు ఆటోలో గ్యాస్ స్టవ్వు, బియ్యం బస్తా, పరుపు, రెండు జాడీల ఆవకాయ, కందిపొడి, కరివేపాకు పొడి, దిష్టి తగలకుండా కట్టుకోమని నల్లతాడు వచ్చాయి. మా అమ్మ ఇంకా ఇడ్లీపాత్ర కూడా ఎక్కించబోతుంటే, “నేను కష్టపడటానికి వెళ్తున్నానమ్మా!” అని అరిచాను. “కష్టపడేవాడు ఇడ్లీ తినకూడదా?” అని ఆవిడ దాన్నీ ఎక్కించింది. చివర్న, బయటికి వెళ్ళేటప్పుడు భుజాన వేసుకోవడానికని, మా ఇంట్లో తలుపు వెనక మేకుకి ఎప్పుడూ వేలాడే గుడ్డసంచి ఒకటి మెడలో తగిలించింది.

ఏలూరులో చేపల చెరువులకి మేత, మందులు అమ్మే షాపులో పని దొరికింది. షాపు యజమానిని మేము వెనకాల ‘కంగారు గారు’ అనేవాళ్ళం, ఆయన ఏ మాటకైనా ముందు “కంగారేం లేదండీ” అంటారు కాబట్టి. ఆయన నన్ను చూశారు, నా సామానంతా చూశారు, “మీరెవరి తాలూకండీ?” అన్నారు. “నేను ఎవరి తాలూకూ కానండి. నా కష్టమే నా తాలూకు,” అన్నాను. ఆయన కాసేపు నా భుజం వైపు చూసి, “కంగారేం లేదండీ. రేపట్నించి రండి,” అన్నారు. ఇంటర్వ్యూ అంతే. నా మాటల్లోని నిజాయితీకి ఆయన చలించిపోయారని ఆ రాత్రి డైరీలో రాసుకున్నాను.

ఆ షాపుకి నాలాగే ఊళ్ళు తిరిగి అమ్మే ఇంకో కుర్రాడు ఉండేవాడు. కొల్లేటి మధ్యలో లంక ఊరివాడు కాబట్టి అందరూ వాణ్ణి లంక అనేవారు. నాకంటే మూడేళ్ళ ముందు నుంచీ అక్కడే పని. మా ఇద్దరికీ ఒకే గది. వాడు పెద్ద వాగుడుకాయ, కోతలరాయుడు, పైగా నా ఆవకాయ జాడీకి ఆగర్భశత్రువు. కంగారు గారు వాణ్ణి “ఒరేయ్, ఇలారా” అనేవారు, నన్ను “ఏవండీ, మీరు ఒకసారి వస్తారా” అనేవారు. మూడేళ్ళ సీనియరుకి ఒరేయ్, నిన్న వచ్చినవాడికి అండీ. నాకు అది వింతగా అనిపించలేదు. మనిషిలో హుందాతనం ఉంటే అండీ దానంతటదే వస్తుందనుకున్నాను.

ఇక నా అమ్మకాల సంగతి చెప్పాలి. కైకలూరు వైపు, ఆకివీడు వైపు చెరువు గట్ల మీద పొద్దస్తమానం తిరిగేవాణ్ణి. నిజంగానే తిరిగాను, అది అబద్ధం కాదు. మోటారు సైకిలు బురదలో దిగబడేది, ఎండకి మెడ వెనకాల చర్మం ఊడేది. కాని నేను వెళ్ళిన చోటల్లా చెరువు ఆసాములు లేచి నిలబడేవారు. “రండి బాబూ, ఇలా నీడకి రండి,” అని కుర్చీ వేసేవారు. కొబ్బరిబొండం కొట్టించేవారు. నేను నీళ్ళలో ఆక్సిజన్ గురించి చదివి వచ్చిందంతా అప్పజెబుతుంటే సగంలోనే, “మీరు చెప్పాలేంటండీ, పంపించెయ్యండి,” అనేవారు. లంక అవే చెరువులకి నాకంటే ముందు వెళ్ళి, గట్టు మీద నిలబడే వచ్చేసేవాడు. వాడికి ఆ పని వంటపట్టలేదనీ, కష్టపడే తత్వం లేదనీ నేను గట్టిగా నమ్మాను. నమ్మి ఊరుకోకుండా, రాత్రి పడుకునే ముందు వాడికి కష్టం గురించి పాఠాలు చెప్పేవాణ్ణి. వాడు నా పరుపు మీద పడుకుని నా ఆవకాయ నంజుకుంటూ ఓపిగ్గా వినేవాడు.

వాడికి అప్పుడే పెళ్ళయింది. భార్య ఆ లంక ఊళ్ళోనే అత్తగారి దగ్గర ఉండేది. రోజూ సాయంత్రం ఫోన్ చేసేది. ఆ మాటలన్నీ ఒక్క విషయం చుట్టూనే తిరిగేవి. దసరాకి ఆకివీడులో కొత్త బ్రాంచి తెరుస్తున్నారు. దానికి ఇన్‌చార్జిగా మా ఇద్దరిలో ఒకర్ని వేస్తానని కంగారు గారు అన్నారు. వేసినవాడికి నికరమైన జీతం, షాపు వెనకాలే రెండు గదుల వాటా. లంక అప్పటికే వెళ్ళి ఆ గదులు చూసొచ్చాడు. “వంటింటికి కిటికీ ఉందే, కాలవ కనపడతాది. గాలి బాగా వస్తాది. పొగ ఉండదే నీకు,” అని వాడు ఆ అమ్మాయికి చెబుతుంటే నేను పరుపు మీద అటు తిరిగి పడుకునేవాణ్ణి. ఆ గదులు వాడికి కావాలి. నాకు కావలసింది ఆ రెండో వరస అమ్మాయి, ఆ మాస్టారు నా విజయం గురించి వినడం. ఆ తేడా అప్పుడు నాకు తెలియలేదని అనను. తెలిసింది. ‘పోటీ అంటే పోటీయే’ అనుకున్నాను.

దసరా దగ్గరపడుతుండగా చిత్రంగా లంక అమ్మకాలు పుంజుకున్నాయి. మేమిద్దరం అప్పటిదాకా వెళ్ళని చెరువుల ఆసాములు వాడి దగ్గర మందులు తీసుకోవడం మొదలుపెట్టారు. నా పాఠాలు పనిచేశాయని మురిసిపోయాను. నేను షాపులో కూర్చునే రోజుల్లో వాడు నా గుడ్డసంచి అడిగి పట్టుకెళ్ళేవాడు. వాడి సంచి పట్టీ తెగిందన్నాడు. సంచిదేముంది, తీసుకోమన్నాను.

ఒకరోజు పొద్దున్న, షాపు తలుపులు తీసి అగరొత్తులు వెలిగించగానే, కైకలూరు వైపు నేనెప్పుడూ వెళ్ళని పెద్ద చెరువుల ఆసామి ఒకాయన కారు దిగాడు. మొహం ఎర్రగా ఉంది. కుర్చీలో కూర్చుంటూనే లంకని వేలుపెట్టి చూపించి, “ఈ కుర్రాడెవరి తాలూకండీ?” అన్నాడు.

“మా షాపువాడేనండీ. కంగారేం లేదు, ఏం జరిగింది?” అన్నారు కంగారు గారు.

“ఏం జరిగిందంటారేంటండీ! నెల్లాళ్ళ నించీ మా గట్టు మీదకొచ్చి గూడెం ఉల్లిపాయల వారబ్బాయినని కుర్చీలో కూర్చుంటున్నాడు. బొండాలు తాగుతున్నాడు. నిన్న మా అమ్మాయి పెళ్ళికి ఉల్లిపాయలు చెబుదామని గూడెం ఫోన్ చేశానండీ. ‘మీ అబ్బాయి చాలా కష్టపడుతున్నాడండీ, పాపం బాగా నల్లబడ్డాడు’ అన్నాను. ‘మావాడు నల్లబడితే బడ్డాడు గాని, సన్నబడ్డాడా?’ అని అడిగారాయన. ‘రివటలా ఉన్నాడండీ’ అన్నాను. ‘అయితే వాడు మావాడు కాదండీ’ అన్నారు!”

షాపులో ఉన్నవాళ్ళంతా నా వైపు చూశారు. అప్పట్లో నేను బాగా పుష్టిగా ఉండేవాణ్ణి. “మీకు... నేనెవరో... ఎలా తెలుసండీ?” అన్నాను కంగారు గారితో.

ఆయన ఇబ్బందిగా నవ్వి, మేకుకున్న నా సంచి వైపు చూపించారు. వెళ్ళి చూశాను. పుట్టి బుద్ధెరిగినప్పట్నుంచీ రోజూ కళ్ళముందే వేలాడిన సంచి. అందుకే ఒక్కసారైనా చదవలేదు. ఎర్రని అక్షరాల్లో, అరచేయంత పెద్దగా, మా తాతగారి పేరు, దాని కింద ‘అండ్ సన్స్, ఉల్లిపాయల హోల్‌సేల్ వర్తకులు, తాడేపల్లిగూడెం’. దాన్ని భుజాన వేసుకుని నాలుగు నెలలు కొల్లేరు చుట్టూ తిరిగి, నేను ఎవరి తాలూకూ కానని ఊరూరా చెప్పుకున్నాను.

“ఉల్లిపాయల వారబ్బాయి అలిగి ఏలూరొచ్చేశారని మొదటిరోజే తెలిసిందండీ,” అన్నారు కంగారు గారు. “ఆసాములకి నేనే చెప్పానండీ. చెప్పుకోవడం మీకిష్టం లేదు గాని, చెప్పకపోతే ఎవరు కొంటారండీ? పెద్దింటి కుర్రాడైతే నకిలీ మందు అంటగట్టడని ధైర్యం. అంటగట్టినా, ఇల్లెక్కడో తెలుసు కదండీ.”

బొండాలు, కుర్చీలు, ‘మీరు చెప్పాలేంటండీ’లు అన్నీ వరసగా గుర్తొచ్చాయి. భూమి చీలితే బాగుండుననిపించింది. లంక మాత్రం తలెత్తే ఉన్నాడు. “నేనేం చెప్పలేదండీ. సంచి చూసి వాళ్ళే ‘వీళ్ళ తాలూకా’ అన్నారు. ‘ఆఁ’ అన్నానంతే,” అన్నాడు. ఆ మాట చాలా న్యాయంగా ఉంది. నేనూ అంతకంటే ఏం చేశానని?

ఆసామి నా వైపు తిరిగాడు. ఇప్పుడు ఆయన గొంతు మెత్తబడింది. “పోనీ బాబూ, మీరు చెప్పండి. ఈ కుర్రాడు మీకేమన్నా అవుతాడా? మీ తాలూకేనంటే నేను పట్టించుకోనండీ. మీ నాన్నగారికి తెలియలేదేమో అనుకుంటాను.”

లంక నన్ను చూశాడు. బతిమాలినట్టు కాదు. ‘చెప్పెయ్యి, అయిపోతుంది’ అన్నట్టు చాలా మామూలుగా చూశాడు. వాడికి అనుమానమే లేదు. నాలుగు నెలలు ఒకే గదిలో పడుకున్నాం, ఒకే జాడీలో ఆవకాయ తిన్నాం. నేను కూడా ఒక్క ‘ఆఁ’ అంటే సరిపోయేది. కాని నా లోపల అప్పుడే ఏదో కూలిపోయి దుమ్ము రేగుతోంది. నా కష్టం నాది కాదని అందరిముందూ తేలిపోయింది. ఆ ఉక్రోషం ఎవరిమీదన్నా తీర్చుకోవాలి.

“కాదండి. మాకేం కాడు,” అన్నాను. అంతటితో ఆగినా బాగుండేది. “ఒకరి పేరు చెప్పుకుని పైకి రాకూడదండి. ఎవరి కష్టం మీద వాళ్ళు రావాలి,” అని కూడా అన్నాను. చొక్కా కాలరు సర్దుకుని మరీ అన్నాను. ఇప్పటికీ ఒంటరిగా బండి మీద వెళ్తుంటే ఆ మాట ఉన్నట్టుండి చెవిలో పడుతుంది, రోడ్డు మీదే “ఛీ” అంటాను. పక్కన వెళ్ళేవాళ్ళు నేను వాళ్ళని అన్నాననుకుంటారు.

కంగారు గారు లంకని లోపలికి పిలిచి లెక్క తేల్చి పంపించేశారు. గదికి వచ్చేసరికి వాడి సామాను లేదు. జాడీ మూత మాత్రం జాగ్రత్తగా బిగించి ఉంది.

ఆకివీడు బ్రాంచి నాకిచ్చారు. తీసుకున్నాను. తీసుకోకుండా వచ్చేశానని కథ అల్లితే వినేవాళ్ళకి బాగుంటుంది గాని, తీసుకున్నాను. ఆ రెండు గదుల్లోనే దిగాను. వంటింటికి కిటికీ ఉంది. కాలవ కనబడుతుంది. గాలి నిజంగానే బాగా వస్తుంది. అక్కడ నేను ఒక్కరోజు కూడా స్టవ్వు వెలిగించలేకపోయాను, హోటల్లోనే తిన్నాను. నెల తిరక్కుండానే గూడెం వచ్చేశాను. వీధరుగు మీద నాన్నగారు నలుగురితో, “మావాడు బయట కష్టపడి వచ్చాడండీ. ఇంక కొట్లో కూర్చుంటాడు,” అని చెబుతున్నారు. ఎవరూ నవ్వలేదు. అదే నాకు చాలా బాధ వేసింది.

ఆ తర్వాత లంకని వెతుక్కుంటూ వాళ్ళ ఊరు వెళ్ళాను. చెరువుల్లో చేపలు పట్టే కూలీల ముఠాలో చేరాడు. వల భుజాన వేసుకుని నడుములోతు నీళ్ళలోంచి వచ్చాడు. వాళ్ళావిడ నాకు మజ్జిగ ఇచ్చి లోపలికి వెళ్ళిపోయింది, మళ్ళీ బయటికి రాలేదు. నేను మా నాన్నగారితో చెప్పి కొట్లో పని ఇప్పిస్తానన్నాను. వాడు నవ్వాడు. “ఇప్పుడు చెప్తావా మీ నాన్నగారికి? వద్దులేరా. నువ్వు అబద్ధమేం ఆడలేదుగా,” అన్నాడు. తిట్టి ఉంటే ఎంత హాయిగా ఉండేదో.

ఇవాళ వాడు ఆ ముఠాకి మేస్త్రీ. తెల్లవారకముందే నీళ్ళలో దిగుతాడు, చేతులు నీళ్ళకి పాలిపోయి ఉంటాయి, ఇంకా అద్దె ఇల్లే. కష్టానికి తగ్గ సంపద వచ్చేటట్టయితే గూడెంలో మా గోడౌను వాడిది అవ్వాలి, నేను సంచి పట్టుకుని వాడి దగ్గర నిలబడాలి. అలా జరగలేదు. నాకు గోడౌనుతోపాటు ఇంకోటి కూడా వచ్చింది.

మొన్నామధ్య ఏలూరులో వర్తకులు, రైతులు కలిసి ఓ సభ పెట్టి, ‘కష్టపడి పైకొచ్చిన యువ వ్యాపారి’ అని నాకు సన్మానం చేశారు. (యువ అన్న మాటకి కూడా నేను తగను.) శాలువా కప్పి మైకు ఇచ్చారు. ఇన్నేళ్ళ బరువు దించుకుందామనిపించింది. గోడౌను ఎవరిదో చెప్పాను, సంచి సంగతి చెప్పాను, లంకని నోటితో ఎలా ముంచేశానో దాచకుండా చెప్పాను. ఎవరైనా లేచి ఛీ అంటారని ఎదురుచూశాను. హాలంతా చప్పట్లు. ఒక పెద్దాయన వేదిక ఎక్కి వచ్చి నా చేతులు పట్టుకుని, “ఎంత అణకువండీ మీకు! పెద్దింటి సంస్కారం ఎక్కడికి పోతుంది!” అన్నాడు. ఆ సిగ్గు కూడా నా ఖాతాలో గొప్పగానే జమ పడింది.

ఇంటికొచ్చి లంకకి ఫోన్ చేశాను. ఏటికో రెండేటికో ఒకసారి మాట్లాడుకుంటాం. జరిగింది చెప్పాను.

“అంతా చెప్పేశావా?” అన్నాడు.

“అంతా చెప్పాను.”

“చెరువులున్నవాళ్ళు వచ్చారేంటి సభకి?”

“చాలామంది వచ్చారు.”

“నా పేరు చెప్పావా?”

“లేదురా. లంక అన్నాను. నీకు నామోషీగా ఉంటుందేమోనని...”

అటునించి పాత లంక గొంతు వినిపించింది. “ఓరి నీ ఇల్లు బంగారంగానూ! పేరు, ఫోన్ నంబరు చెప్పి ఉంటే మా ముఠాకి నాలుగు చెరువులు తగిలేవి కదరా. ఈసారి కూడా నా కథ పట్టుకెళ్ళి నువ్వే చప్పట్లు కొట్టించుకుని వచ్చావా?”

అని పగలబడి నవ్వాడు. నేనూ నవ్వాను. సిగ్గుపడుతూ నవ్వడం ఈ వయసుకి నాకు బాగానే అలవాటైంది.